ఛేదమా? చికిత్సయా?



శ్రావకుని అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. అందు ఛేదమొకటి, అనగా మూగజీవుల అవయవములను కోయుట. ఇది విన్న గృహస్థునకు ఒక సందేహము కలుగును. ఉత్తర పినాకిని ఒడ్డున, సర్పరూపుడైన సుబ్రహ్మణ్యుని కొలుచు నాగలమడికలో, అంగడి గడప కావలి కాయు కుక్కకు ఒంటిపై గడ్డ లేచినదనుకొనుడు. దానిని కత్తికి అప్పగించుట ఛేదదోషము కాదా? "దాని కర్మము" అని ఊరకుండుట మేలు కాదా?

కాదు. హింసకు మూలము ప్రమాదము, అనగా ఏమరుపాటు, అని తత్త్వార్థసూత్రము బోధించుచున్నది. కోపముతో కోయువాడును, రోగము తీయుటకు కోయు వైద్యుడును ఒకటి కారు. అయినను వైద్యుని కత్తికిని జాగ్రత్త వలెను. అవసరమునకు మించిన కోత జీవికి వృథాబాధయే. నేటి పశువైద్యము ఈ జాగ్రత్తనే అభ్యసించుచున్నది.

క్యాన్సర్ కణములు గడ్డనుండి బయలుదేరి, శోషరస నాళముల వెంట తొలుత చేరు గ్రంథులు ఒకటి రెండుండును. వర్తకుల మాటలో అది దారిలోని మొదటి సుంకపు చౌకి. అక్కడ సరుకు పట్టుబడనిచో ముందుకు పోలేదని చాలవరకు నమ్మవచ్చును. మనుష్యులలో మెలనోమా అను చర్మపు క్యాన్సరునకు నీలిరంగుతో ఈ గ్రంథిని కనుగొను పద్ధతిని 1992లో డాక్టర్ డొనాల్డ్ మార్టన్ బృందము ప్రకటించినది. కుక్కలకును ఇప్పుడు ఇట్లే చేయుచున్నారు. గడ్డ చుట్టును రంగు ఎక్కింతురు. మిథిలీన్ బ్లూ కంటికే కనబడును. ఇండోసయనిన్ గ్రీన్ పరారుణ కెమెరాలో వెలుగును. దగ్గరి గ్రంథియే మొదటి చౌకి కానక్కరలేదు. వాపు లేని గ్రంథిలోను రోగము దాగియుండవచ్చును. కనుక చేతితో తడిమి తీర్పు చెప్పుట చాలదు. రంగు చూపిన గ్రంథిని మాత్రము తీసి పరీక్షింతురు.

ఆ గ్రంథి కడుపులో నున్నచో పొట్టను నిలువునా చీల్చనక్కరలేని సందర్భములును కలవు. 5 లేక 10 మిల్లీమీటర్ల రంధ్రములు చేసి, బొగ్గుపులుసు వాయువుతో పొట్టను ఉబ్బించి, లాపరోస్కోపుతో లోపల చూచుచు తీయుదురు. గాయము చిన్నది, నొప్పి తక్కువ. మత్తు వలని అపాయము మాత్రము ఉండనే యుండును. గడ్డ మిక్కిలి పెద్దదైనచో పెద్ద కోత తప్పకపోవచ్చును.

ఈ సౌకర్యము అన్నిచోట్ల లేదు, ఖర్చును హెచ్చే. కాని గడ్డ కనబడిన నాడే పశువైద్యునకు చూపుట, శస్త్రచికిత్సకు శక్తి చాలనిచో నొప్పి తగ్గు మందైనను ఇప్పించుట, ఏ వర్తకునకు భారము? ఏడాదంతయు అంగడిని కాచిన ప్రాణికి ఆ పద్దు వ్రాయుటకు చేయి వెనుదీయరాదు.

దెబ్బలు తిని ప్రాణము విడుచుచున్న కుక్కకు జీవంధర కుమారుడు నమోకార మంత్రము వినిపించెననియు, అది యక్షుడై జన్మించెననియు క్షత్రచూడామణి కథ. ఆ కుక్క బ్రతుకు దశ దాటినది. బ్రతుకగల కుక్కకు మంత్రముతోపాటు మందును అందించుట నేటి శ్రావకుని వంతు.