మునికి ఇల్లడగా వచ్చిన ఖడ్గము

అరకులోయలోని పద్మాపురం తోట 1942లో యుద్ధసైనికులకు కూరగాయలు పండించుటకై వెలసినది. నేడు అచట బిడ్డలు ఆడుకొనుచున్నారు. అట్టి చోటికి ఆత్మరక్షణకై తుపాకి ధరించి పోవచ్చునా? 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనరాదు. 2023 నాటి భారతీయ న్యాయసంహిత ఆత్మరక్షణ హక్కును అంగీకరించుచునే, అవసరమునకు మించి హాని చేయరాదన్నది. ఇక లైసెన్సు కలవాని మాట. ఈ కొండలను దండకారణ్య భాగముగా పెద్దలు చెప్పుదురు. ఆ దండకలోనే సీతమ్మ ఈ విషయమును విచారించినది.

ధనుర్ధారియైన శ్రీరామునకు ఆమె ఒక కథ వినిపించెను. ఇంద్రుడు భటవేషమున వచ్చి ఒక తపస్వియొద్ద ఖడ్గమును ఇల్లడగా ఉంచెను. పరుల సొత్తు పోరాదని ఆ ముని పండ్లకు, దుంపలకు పోయినను దానిని వెంట గొనిపోయెడివాడు. పాపము, మాట నిలుపుకొనుటకే! దినక్రమమున మనసు క్రూరమై, తపము చెడి, నరకమున పడెను. వైరము లేనివారిని చంపవలదని అమ్మ వేడుకొనెను.

స్వామి ఆమె హితవును మెచ్చెను, విల్లు మాత్రము దింపలేదు. లోకమున ఆర్తనాదము వినబడకుండుటకే క్షత్రియుడు విల్లు పట్టుననియు, శరణన్న ఋషులకు మాట ఇచ్చితిననియు బదులిచ్చెను. ఆ బదులులో తన ప్రాణభయమను మాట ఎచ్చటను లేదు.