తోడు నడక

పెద్దవాళ్లకు నడక మంచిదని అందరమూ చెబుతాం. వారానికి కనీసం 150 నిమిషాలైనా శరీరానికి మితమైన శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కానీ ఎవరితో నడవాలి?

రాజపాళయం దగ్గరి మా మంసాపురంలో, పొద్దు వాలగానే మా అవ్వ, ఎదురింటి అవ్వ మెల్లగా నడకకు పోతారు. నేను తోడు వస్తానంటే "నీకు చదువు లేదా?" అంటుంది అవ్వ. నాకు భారమవుతానని ఆమె బాధ. స్నేహితురాలితో ఆ మాటే రాదు. ఒకరు ఆగితే ఇంకొకరూ ఆగుతారు. ఎవరికి ఎవరు తోడో చెప్పలేం.

సాయం చేస్తే ఒకరు ఇచ్చేవారు, ఒకరు తీసుకునేవారు. స్నేహంలో ఇద్దరూ సమానమే. అందుకే పెద్దలను మనమే నడిపించాలనుకోకుండా, వాళ్ల స్నేహితులను కలిసే వీలు కల్పిద్దాం. వాళ్లు నడిచే వీధిలో బండి అడ్డం పెట్టకపోవడమూ గౌరవమే.