నొప్పి లేదని ధీమాగా ఉండకు

నాన్నా,

మొన్న నేను బెంగళూరులో మీ హూడికి వచ్చినప్పుడు మెట్రో మెట్లెక్కుతుంటే నీ ఎడమ కాలి చెప్పు ఊడిపోయింది. నీకు తెలియనే లేదు. వట్టికాలితోనే నాలుగు మెట్లెక్కావు. వెనకాల వస్తున్న కుర్రాడు పిలిస్తే గానీ ఆగలేదు. నువ్వు నవ్వేశావు గానీ నాకు గుండె జల్లుమంది. కాలికి చెప్పుందో లేదో తెలియలేదంటే అరికాలు మొద్దుబారుతోందని అర్థం. బతుకంతా ఆస్పత్రి వార్డుల్లో నర్సుగా గడిపినదాన్ని, ఇలాంటివి నా కంటబడకుండా పోవు.

ఫోన్ చేసినప్పుడల్లా "నాకే నొప్పీ లేదు పెద్దమ్మా" అంటావు. నా దిగులంతా ఆ మాటతోనే. నీకున్న ఈ షుగరు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే పొడుగాటి నరాలు ముందు పాడవుతాయి. అందుకే మొద్దుబారడం కాలివేళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతుంది. షుగరు గుండెకు వెళ్ళే నరాలనూ వదలదు. అవి దెబ్బతిన్న మనిషికి గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి చెమటలు, ఆయాసం, వికారం, లేవలేనంత నీరసం, అంతే. మనవాళ్ళు గ్యాసనుకుని సోడా తాగి పడుకుంటారు. నువ్వలా చెయ్యకు. 2005లో మన హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ మీకు అక్కడా ఉంది. వెంటనే ఫోన్ చెయ్యి.

ఆఫీసులో కుర్చీలోంచి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయని ఆ రోజు మాటవరసకి అన్నావు చూడు, అదీ నరాల పనే కావచ్చు. డాక్టరుకి చెప్పు. కాళ్ళు చూడమని కూడా నువ్వే అడగాలి, చాలాచోట్ల చెప్పులు విప్పించను కూడా విప్పించరు. సన్నటి నైలాన్ పోచతో అరికాలిని తాకి చూస్తారు, శృతిదండాన్ని మోగించి బొటనవేలి మీద ఆనిస్తారు. రెండు నిమిషాల పని. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళు వాడినవాళ్ళకి బీ12 తగ్గవచ్చు, పైగా నువ్వు మాంసం ముట్టవు. తిమ్మిర్లు దానివల్ల కూడా వస్తాయి. అదే కారణమైతే మందుంది కాబట్టి ఆ రక్తపరీక్షా చేయించు.

షుగరొక్కటే చూసుకుంటే గుండెకి చాలదురా. బ్రిటన్‌లో 1977లో మొదలుపెట్టి, కొత్తగా షుగరు బయటపడినవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. బీపీని గట్టిగా అదుపులో పెట్టినవాళ్ళలో పక్షవాతాలూ షుగరు సంబంధిత చావులూ తగ్గాయని 1998లో తేల్చారు. కాబట్టి మూడు నెలల సగటు షుగరుతో పాటు బీపీ, చెడ్డ కొలెస్ట్రాల్, మూత్రంలో ప్రోటీన్ అన్నీ చూపించుకో. టీ బంకు దగ్గర సిగరెట్ మాత్రం ఈ రోజే మానెయ్యి, అందులో బేరం లేదు.

రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళు అద్దంలో చూసుకో. కందినా, బొబ్బ లేచినా, వేళ్ళ సందుల్లో చెమ్మగా ఉన్నా చూపించుకో. తిరుమల వెళ్తే మిట్టమధ్యాహ్నం మాడవీధుల్లో వట్టికాళ్ళతో తిరగకు, స్వామి ఏమీ అనుకోడు.

మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి కూడా షుగరుందన్నావు. అతనికి గుండె జబ్బని తేలితే, డబ్బుల్లేవని ఊరుకోవద్దని చెప్పు. మీకు దగ్గర్లోనే వైట్‌ఫీల్డ్‌లో 2001లో తెరిచిన సత్యసాయి ఆస్పత్రి ఉంది, గుండె ఆపరేషన్లు కూడా ఉచితంగానే చేస్తారు. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు తీసుకెళ్ళమను. నీవి నాకు వాట్సాప్‌లో పంపు.

మీ పెద్దమ్మ