ఒడ్డు ఎవరిది?



విజయవాడ వెళ్ళినప్పుడు స్వరాజ్ మైదానంలో బాబాసాహెబ్ విగ్రహాన్ని మీరు చూసే ఉంటారు. 2024 జనవరిలో ఆవిష్కరించారు. విగ్రహం 125 అడుగులు, దాని కింద పీఠం 81 అడుగులు. దండం పెట్టుకుని, పిల్లలతో ఫొటో దిగి, తిరిగి బస్సెక్కేస్తాం. ఈసారి వెళితే ఇంకో గంట పెట్టుకోండి. కృష్ణ ఒడ్డుకు రండి. వారధి దగ్గర, కృష్ణలంక పక్కన, వరద గోడ కట్టారు. అక్కడ అదే 2024లో పార్కు, నడకదారి తెరిచారు. సాయంత్రం పూట గాలి హాయిగా ఉంటుంది. ముసలివాళ్ళు నడుస్తారు, పిల్లలు పరిగెడతారు. మీరు నడుస్తుంటే ఎవరూ మీ కులం అడగరు.

ఎవరూ ఆపకపోతే చాలా? అంతటితో ఆ దారి అందరిదీ అయిపోయినట్టేనా? ఈ చిన్న పుస్తకంలో మనం ఆలోచించుకోవలసిన ప్రశ్న ఇదే.

ముందు ఆ ఒడ్డు కథ తెలుసుకోవాలి. లంక అంటే నది మేట వేసిన నేల. నది ఇచ్చిన నేల, నది ఎప్పుడైనా వెనక్కి అడిగే నేల. 1855 నాటికి ఇంగ్లీషు ప్రభుత్వం ఇక్కడ ఆనకట్ట కట్టింది. కాలువలు పారాయి, డెల్టా పండింది, తర్వాత రైలు వచ్చింది, బెజవాడ పెద్ద ఊరయింది. 1952లో ఆనకట్టకు గండి పడితే, దాని బదులు కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది. ఊరు పెరిగేకొద్దీ మూటలు మోసేవాళ్ళు, రిక్షా తొక్కేవాళ్ళు, ఇళ్ళు కట్టేవాళ్ళు, వీధులు ఊడ్చేవాళ్ళు కావాల్సి వచ్చారు. వాళ్ళ పని అందరికీ కావాలి. మరి వాళ్ళకు మెరక మీద ఇంత చోటు ఎవరిస్తారు? అద్దె కట్టలేనివాళ్ళు పల్లానికి దిగారు. నీళ్ళు వచ్చే చోటే చవక కదా!

ఇది మనకు కొత్త విషయం కాదు. మన ఊళ్ళలో పల్లె ఎక్కడుండేదో, గూడెం ఎక్కడుండేదో గుర్తు చేసుకోండి. చాలా ఊళ్ళలో మురుగు పారే వైపే కదా. పట్నం వచ్చాక కూడా పేదవాడి ఇల్లు పల్లంలోనే ఉండిపోయింది.

2009 అక్టోబరులో బ్యారేజి దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణలంక ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఇలాంటప్పుడు ఒక మాట వినపడుతుంది: "పాపం, వాళ్ళ ఖర్మ." అనేవాళ్ళు జాలితోనే అంటారు. మనవాళ్ళూ అంటారు. కానీ ఈ మాట ఎంత ప్రమాదమో చూడండి. గత జన్మ పాపం వల్లే ఈ జన్మలో కష్టం అని నమ్మితే, ఆ కష్టాన్ని ఆపే పని ఇక ఎవరిదీ కాదు. అందుకే బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. ప్రతిదీ కారణాల వల్ల కలుగుతుంది, కారణం తొలగితే అదీ తొలగుతుంది అన్నాడు బుద్ధుడు. ప్రతీత్య సముత్పాదం అంటే ఇదే.

దీనికి రుజువు కృష్ణ ఒడ్డునే ఉంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో 2009 కన్నా పెద్ద వరద వచ్చింది. అయినా గోడ వెనక కృష్ణలంక నిలబడింది. మధ్యలో ఏం మారింది? అక్కడివాళ్ళ గత జన్మ మారిందా? లేదు. గోడ వచ్చింది! అంటే అంతకుముందు మునగడానికి కారణం వాళ్ళ పాపం కాదు, గోడ లేకపోవడం. ఎన్నో ఏళ్ళు ఎవరో "ఖర్మ" అనుకుని ఊరుకున్నారు, అంతే.

కథ ఇక్కడితో అయిపోలేదు. అవే రోజుల్లో బుడమేరు గట్లు తెగి, సింగ్ నగర్ వైపు బస్తీలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. కృష్ణ గోడ వల్ల కాదు, బుడమేరు వేరే ఏరు. కానీ ఒకే ఊళ్ళో ఒకరి గుమ్మం పొడిగా ఉంది, ఇంకొకరి మంచం తేలిపోయింది. పొడిగా ఉన్నవాడికి ఒక ప్రశ్న: నన్ను కాపాడిన గోడ నా బాధ్యతకు కూడా హద్దేనా? 'నాకు తప్పింది' అనుకోవడం సహజం. అక్కడ ఆగకుండా 'వాళ్ళకూ తప్పాలి' అనుకుని, అన్నం మూట కట్టుకుని బయల్దేరడం మైత్రి.

ఇక హక్కు సంగతి. మహాడ్ గుర్తు చేసుకుందాం. 1923లో బొంబాయి శాసనమండలి బహిరంగ నీటి వనరులు అస్పృశ్యులకూ తెరవాలని తీర్మానించింది. 1924లో మహాడ్ పురపాలక సంఘం చౌదార్ చెరువు అందరిదీ అంది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. ఒడ్డుకు మాత్రం ఎవరూ దిగలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనంతో నడిచి వెళ్ళి దోసెడు నీళ్ళు తాగారు. ఆ రోజే మనవాళ్ళ మీద దాడి జరిగింది. తర్వాత చెరువును పేడతో, గోమూత్రంతో 'శుద్ధి' చేశారు! బొంబాయి హైకోర్టులో తుది తీర్పు వచ్చేసరికి 1937. చట్టం కావాలి, చట్టం లేనిదే ఏదీ లేదు. కానీ చట్టం ఒక్కటే మనుషుల మనసులో గోడ పడగొట్టలేదు. అందుకే బాబాసాహెబ్ స్వేచ్ఛ, సమానత్వాలతో పాటు సోదరభావం కావాలన్నారు. అవి తాను బుద్ధుని దగ్గర నేర్చుకున్నవని చెప్పారు.

ఆ బుద్ధుని కథ కూడా ఒక నది ఒడ్డునే మలుపు తిరిగింది. రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులు, కోలియులు కొట్టుకున్నారు. శాక్య సంఘం యుద్ధం అంది. సిద్ధార్థుడు లేచి వద్దన్నాడు. మనం ఇద్దరిని, వాళ్ళు ఇద్దరిని ఎన్నుకుందాం, ఆ నలుగురూ ఐదోవాణ్ణి ఎన్నుకుని తగువు తీర్చాలన్నాడు. ఓట్లలో ఓడిపోయాడు. మాట మార్చుకోకుండా ఇల్లు వదిలాడు. బాబాసాహెబ్ చెప్పిన పరివ్రాజక కథ ఇదే. నీళ్ళు మాకా, మీకా అని కత్తులు తీసినచోట, ఇద్దరూ కూర్చుని తేల్చుకునే దారి ఒకటుందని ఆయన చూపించాడు.

ఇప్పుడు మన నడకదారి దగ్గరికి వద్దాం. నీళ్ళు వచ్చినన్నాళ్ళూ ఎవరికీ అక్కర్లేని పల్లం, గోడ వచ్చాక అందరికీ కావాలి. అప్పుడు పాత మనుషులు అడ్డుగా కనపడతారు. అహ్మదాబాదులో సబర్మతి ఒడ్డున అందమైన నడకదారి వేసినప్పుడు, పది వేలకు పైగా పేద కుటుంబాలు ఆ ఒడ్డు వదిలి దూరపు కాలనీలకు పోవాల్సి వచ్చింది. అందుకని నడకదారే వద్దనడం ఒక కొస. గాలి బాగుంది, మనకెందుకులే అనడం ఇంకో కొస. రెండూ మధ్యమ మార్గం కాదు. దారి కావాలి, ఒడ్డున బతికినవాళ్ళు ఆ ఒడ్డునే ఉండాలి, వాళ్ళ ఇంటికి పట్టా ఉండాలి. ఇది అడగాల్సింది వాళ్ళొక్కరేనా? అక్కడ నడిచే ప్రతివాళ్ళూ అడగాలి.

కాబట్టి అక్కడికి వెళ్ళినప్పుడు ఊరికే నడిచి రాకండి. దారి ఊడ్చే అక్కను పలకరించండి, జీతం నెలనెలా అందుతోందా అని అడగండి. పాత కాపురస్తుణ్ణి, "నీళ్ళు ఎంతవరకు వచ్చేవి తాతా?" అని అడగండి. వచ్చే ఉపోసథం రోజు విహారంలో ఆ మాటలు చెప్పండి.

చివరిగా ఒక్క సంగతి. ఇదే నదికి ఎగువన, కుడి ఒడ్డున అమరావతి ఉంది. అక్కడి మహాస్తూపం రాళ్ళు కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి, కొన్ని చెన్నైకి, లండన్‌కు చేరాయి. వాటిలో పూర్ణకుంభం చెక్కిన ఒక రాతిపలక మీద దాత పేరుంది: విధికుడు, చర్మకారుడు. తల్లితో, భార్యతో, తన వాళ్ళందరితో కలిసి ఇచ్చిన దానం. తోలు పని చేసే మనిషి తన పేరు, తన వృత్తి రెండూ రాతి మీద రాయించుకున్నాడు. ఎవరూ చెరిపేయమనలేదు. అంటరానితనం ఎప్పటినుంచో ఉన్నదే అని ఎవరైనా మీతో అంటే, విధికుడి పేరు చెప్పండి. ఈ కృష్ణ ఒడ్డున ఒకప్పుడు తోలు పని చేసే మనిషికి స్తూపంలో చోటు దొరికింది. ఇవాళ ఊడ్చే మనిషికి, మోసే మనిషికి ఒడ్డున చోటు మిగల్చడం మన వంతు.

నమో బుద్ధాయ. జై భీమ్.