పాలకుడు, వర్తకుడు, మూడవవాడు

దండము రాజ్యమునకు బలము. ధనము వర్తకమునకు బలము. ఈ రెండును సమాజమునకు ఆవశ్యకములే. దండము లేనిచో ఒప్పందమునకు విలువ యుండదు. వర్తకము లేనిచో బొక్కసమునకు రాబడి యుండదు. ఒకదానినొకటి ఆశ్రయించి జీవించు ఈ రెండు బలములు పరస్పరము ఎట్లు మెలగవలెను? మిత్రులవలెనా? యజమాని సేవకులవలెనా? ఒకరినొకరు శంకించుకొను ఇరుగుపొరుగువారివలెనా? ఇది అర్థశాస్త్రవేత్తలకు మాత్రమే విడువదగిన ప్రశ్న కాదు. దీనియందు ధర్మాధర్మవిచారణ యిమిడి యున్నది.

ఢిల్లీ నగరపు దక్షిణభాగమున రామకృష్ణపురమను నివాసస్థలము కలదు. ఆర్.కె. పురమని దానికి వాడుక. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కొరకు కట్టిన గృహములు అచ్చట బారులు తీరి యున్నవి. దేశపు నలుమూలలనుండి వచ్చినవారితో పాటు తెలుగు కుటుంబములును అచ్చట కాపురముండుచు వచ్చినవి. ఆ వీధుల అంచుననే భికాజీ కామా ప్లేస్ అను వాణిజ్యకేంద్రమున్నది. ప్రభుత్వసంస్థయైన గెయిల్ ప్రధాన కార్యాలయము నందే కలదు. అనుమతుల ఫైలు చూచు అధికారియు, ఆ అనుమతి కొరకు వచ్చిన వ్యాపారియు ఒకే బాటను నడచుచుందురు. ఒకరి సంతకము రెండవవానికి లాభము. రెండవవాని కానుక మొదటివానికి ప్రలోభము.

ఈ చేరువలోని అపాయమును పూర్వులెరుగుదురు. రాజధనమును అధికారులు అపహరించు మార్గములు నలుబది కలవని కౌటిల్యుడు లెక్కించెను. మన కాలమున 1964లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఏర్పడినది. ఆ సంవత్సరముననే వెలువడిన ప్రవర్తనా నియమావళి ప్రకారము కేంద్రోద్యోగి ముందుగా అనుమతి పొందనిదే వ్యాపారము చేయరాదు. కానుకలు స్వీకరించుటకును హద్దులు కలవు. ఉద్యోగులందరు దొంగలన్న శంకతో ఈ కట్టుబాట్లు పుట్టలేదు. ప్రలోభమునకు అతి సమీపమున నిత్యము నిలుచువానికి ఊతకర్ర యుండుట మేలన్న వివేకముతో పుట్టినవి.

అయినను నియమములు ఎంతదూరము తోడు రాగలవు? ఆ ప్రాంతపు గృహస్థొకడు ఒక సత్సంగమున ఇట్లడిగెను: "స్వామీజీ! నేను లంచము ముట్టను. కానుక గైకొనను. కాని ఒక సంస్థకు అనుమతి నిచ్చి, మరియొకదానికి నిరాకరింపవలసివచ్చినపుడు నా నిర్ణయము ధర్మమేనని నాకెట్లు తెలియును?" చేతులు శుభ్రముగా నున్నవాడే అడుగగల ప్రశ్న యిది. కనుకనే దీనికి సులభమైన సమాధానము చెప్పరాదు.

లోకమున రెండు సులభ సమాధానములు ప్రచారమున నున్నవి. వర్తకుని కట్టడిలో నుంచవలెనని ఒకటి. స్వేచ్ఛగా విడువవలెనని మరియొకటి. మన దేశము రెండింటిని పరీక్షించి చూచినది. 1951 నాటి పరిశ్రమల చట్టముచే పరిశ్రమ స్థాపనకు లైసెన్సు ఆవశ్యకమైనది. కొలదిగా నున్న మూలధనము దేశమునకు అక్కరయైన చోటికి చేరవలెనన్నది దాని యుద్దేశము. కాని లైసెన్సులను ముందుగా చేజిక్కించుకొని ఇతరులకు చోటు లేకుండ చేయుట పెద్ద సంస్థలకు సాధ్యమగుచున్నదని 1967లో ఆర్.కె. హజారీ నివేదిక తెలిపినది. బలవంతుని కట్టవలసిన త్రాడు అతనికే కోటగోడయైనది.

1991 జూలై 24న పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వము, 18 పరిశ్రమలు తప్ప తక్కినవాటికి లైసెన్సు అక్కరలేదని ప్రకటించినది. అంతటితో ప్రలోభము నశించెనా? పరిశ్రమ పెట్టుటకు అనుమతి అక్కరలేకపోయినను, భూగర్భమందలి బొగ్గు ప్రభుత్వ హస్తముననే యుండెను. 1993 మొదలుగా వేలము లేకుండ సంస్థలకు పంచిన బొగ్గు క్షేత్రములలో 214 కేటాయింపులను సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరులో రద్దు చేసినది. కలము ఎచ్చట నుండునో ప్రలోభము అచ్చటికే పోవును. కట్టడి ఎంత, స్వేచ్ఛ ఎంత అనునది దేశకాలములను బట్టి వివేకముతో నిర్ణయింపవలసిన విషయము. ఆ కలమును ఎట్లు పట్టవలెననునదే ధర్మప్రశ్న.

ఈ విషయమున తెలుగుదేశమునందలి ఒక శాసనము మనకు దారి చూపగలదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల కాలమున గొప్ప రేవు. గాలివానకు చెదరి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకులను రాజులు స్వాధీనము చేసికొనుట పూర్వాచారముగా నుండెను. గణపతిదేవ చక్రవర్తి 1244-45లో అభయశాసనమును వేయించి, ఆ యాచారమును విడిచి, నిర్ణీతమైన సుంకము మాత్రమే గైకొందునని ప్రకటించెను.

ఇందు గమనింపదగినది రాజుయొక్క ఔదార్యము మాత్రమే కాదు. తన కెదురుగా నిలిచి స్తుతించిన వర్తకునికి ఆయన వరమీయలేదు. ఎన్నడును చూడని, పేరైనను తెలియని నావికునికి మాట యిచ్చెను. ఆ మాటను శిలపై చెక్కించి తన చేతిని తానే కట్టుకొనెను. రేవునకు వచ్చు ప్రతివానికిని ఆ శిలాక్షరము ఒక్కటే.

గృహస్థుని ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే దొరకును. పాలకుడును వర్తకుడును మాటలాడుకొను గదిలో ఇద్దరే కనబడుదురు. అచ్చట లేని మూడవవా డొకడు కలడు. అతడు పరిచయములు లేని చిన్న వ్యాపారి కావచ్చును. పన్ను చెల్లించు కూలివాడు కావచ్చును. ఇంకను పుట్టని శిశువు కావచ్చును. ఈ నిర్ణయమునకు గల కారణమును ఆ మూడవవాని యెదుట బిగ్గరగా చదివి వినిపింపగలనా అని అధికారి తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఈ వరమును నా పోటీదారునకిచ్చినను న్యాయమేనని ఒప్పుకొనగలనా అని వర్తకుడు ప్రశ్నించుకొనవలెను.

ఆర్.కె. పురమునకు సమీపముననే దీనికి నిదర్శన మున్నది. 2016 జూలైలో కేంద్ర మంత్రివర్గము ఢిల్లీలోని ఏడు ప్రభుత్వోద్యోగుల కాలనీలను తిరిగి నిర్మించుటకు నిశ్చయించినది. సుమారు 13,000 పాత యిండ్ల స్థానమున 25,000కు పైగా క్రొత్త యిండ్లు రావలెను. నౌరోజీనగరమునను, సరోజినీనగరములో కొంతభాగమునను వాణిజ్యస్థలమును కట్టి, విక్రయించి, ఆ ధనముతో వ్యయమును భరింపవలెనని సంకల్పము. బొక్కసమునకు భారము లేకుండ ఉద్యోగికి ఇల్లు చేకూర్చు ఆలోచనలో దోషము లేదు. కాని అందుకై వేలకొలది చెట్లను నరుకవలసియుండెను. పౌరులు న్యాయస్థానము నాశ్రయింపగా, 2018 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ నరుకుటను తాత్కాలికముగా నిలిపినది. మూడవవానిని మొదటనే పిలువకున్నచో అతడు న్యాయస్థానపు ద్వారమున ప్రవేశించును. అప్పటికి కొన్ని చెట్లు నేలకొరగియే యుండును.

ఈ పరీక్ష ప్రతి ఫైలునకును సరియైన నిర్ణయమును చూపునని చెప్పజాలము. సత్పురుషు లిరువురు ఒకే విషయమున భిన్నాభిప్రాయులు కావచ్చును. ప్రకృతి సంపద పంపకమునకు వేలమొక్కటే మార్గము కాదని 2012లో సుప్రీంకోర్టే అభిప్రాయపడినది. అయినను చెప్పుకొనజాలని కారణము ఈ పరీక్షకు నిలువదు. దీనిని పాటించువానికి పైవారి అప్రసన్నత కలుగవచ్చును. అకాలమున బదిలీ కావచ్చును. పిల్లల చదువు చెడవచ్చును. ఆ వెల చిన్నదని చెప్పుట, దానిని చెల్లింపనక్కరలేని మాబోటివారికి తగదు. కాని ఆ వెలను తాను చెల్లింపనినాడు దానిని చెల్లించువాడు ఆ మూడవవాడే. అతడు అడుగనైనను లేడు.

కావున, సోదరా! సంతకమునకు ముందు ఒక్క క్షణమాగుము. ఎదుట నున్న కుర్చీలో అతనిని కూర్చుండబెట్టుకొనుము. అతనికి చెప్పదగిన మాటనే కాగితముపై వ్రాయుము.