కొండమీద ఐదుగురు, మన యింట ఎందరు?



మనము ప్రార్థన ఎరుగనివారము కాము. బెంగళూరుకు వచ్చిన క్రొత్తలో ఉద్యోగము కొరకు, అద్దె యింటి కొరకు, పిల్లల కాలేజీ సీటు కొరకు కన్నీటితో ప్రార్థించితిమి. దేవుడు ఆలకించెను. ఇప్పుడు సొంత యిండ్లున్నవి, స్థిరమైన సంఘములున్నవి. అయితే అక్కరతోపాటు ప్రార్థనయు తగ్గిపోయినదా?

ఈ మధ్య సంఘ పెద్దలముగా మేము ఇండ్లు దర్శించుచుండగా ఒక సహోదరి దాపరికము లేకుండ చెప్పినది: "టైము కుదరడం లేదండీ. ఆయనకు నైట్ షిఫ్టు, నాకు పొద్దున్నే ఆఫీసు బస్సు. అత్తయ్యగారు ఒక్కరే ప్రార్థన చేసుకుంటారు. పిల్లలకు ఆవిడ తెలుగు సగమే అర్థమవుతుంది." మేము ఆమెను గద్దింపలేకపోతిమి. మాలో కొందరి యిండ్లలోను అదే స్థితి. ఆ అవ్వ ప్రభువునొద్దకు వెళ్లిన తరువాత ఆ యింట ప్రార్థించువారెవరు?

ఈ ప్రశ్న మనస్సులో నుంచుకొని మన బాప్తిస్టు పితరులను జ్ఞాపకము చేసికొందము. 1836లో శామ్యూల్ డే దొరగారు తెలుగు దేశమునకు వచ్చిరి. పదునేడు సంవత్సరములు గడచినను ఫలము బహు స్వల్పము. ఈ మిషనును మూసివేయవలెనా అని అమెరికాలో చర్చ జరిగెను. ఆ దినములలో, 1854 జనవరి 1న తెల్లవారుజామున, ఒంగోలు కొండమీదికి ఐదుగురు ఎక్కిరి: జూయెట్ దొరగారు, దొరసానిగారు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. క్రింద కనబడుచున్న ఊళ్ల కొరకు ఒకరి తరువాత ఒకరు ప్రార్థించిరి. ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని అడిగిరి.

జవాబు మరునాడు రాలేదు. 1862లో జూయెట్ దొరగారు ఆరోగ్యము చెడి అమెరికాకు వెళ్లిరి. మిషనును విడిచిపెట్టుదమను మాట మరల వచ్చినప్పుడు, తానొక్కడైనను తిరిగి వెళ్లుదునని ఆయన పట్టుపట్టిరి. 1865లో యువకుడైన జాన్ క్లౌ గారితో కలిసి తిరిగి వచ్చిరి. 1866లో క్లౌ గారు ఒంగోలులో కాపురముండిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘము ఏర్పడెను. గొప్ప కరవు తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

దీనివలన మనము మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది, వారు స్పష్టముగా అడిగిరి. "అందరినీ దీవించు ప్రభువా" అని ముగించి లేచిపోలేదు. మనమును ఒక చిన్న నోటుపుస్తకములో పేర్లు, తేదీలు వ్రాసికొని ప్రార్థించుదము. జవాబు వచ్చిన దినమున అదే పుటలో వ్రాయుదము.

రెండవది, వారు కనిపెట్టిరి. కొండనుండి క్లౌ గారి రాకవరకు పండ్రెండేండ్లు. పిల్లవానికి ఎక్కములు ఒక్క దినములో రావు. ప్రార్థనయు అట్టిదే, దినదినము అలవాటు కావలెను. దానియేలు మనవలెనే పరదేశములో ఉద్యోగము చేసినవాడు. రాజాజ్ఞ వచ్చినప్పుడు అతడు క్రొత్తగా మోకరింపలేదు. మునుపటివలెనే దినమునకు ముమ్మారు మోకరించెను.

మూడవది, అడిగినవాడే జవాబులో భాగమాయెను. ఒంగోలుకు సేవకుని పంపుమని అడిగిన జూయెట్ గారే ఆ సేవకుని వెంట ఓడ యెక్కిరి. మన అపార్టుమెంట్లు కట్టు తెలుగు కూలీల కొరకు ప్రార్థించు మనము, ఎన్నడైనను వారి రేకుల షెడ్లవద్దకు వెళ్లితిమా?

కనుక ఈ వారమే ఆరంభించుదము. కుటుంబమంతయు కలిసియుండు పదునైదు నిమిషములు నిర్ణయించుదము. ఉదయము కుదరనియెడల రాత్రి, ప్రతిదినము కుదరనియెడల మొదట వారమునకు మూడు దినములు. సెల్‌ఫోన్లు వేరే గదిలో నుంచుదము. పిల్లలు ఇంగ్లీషులో ప్రార్థించినను, కన్నడములో ప్రార్థించినను ఆటంకపరచవద్దు. ప్రభువుకు అన్ని భాషలు తెలియును. అవ్వ ప్రార్థనను మనుమలకు వివరించి చెప్పుదము. మనుమల ప్రార్థనకు అవ్వను ఆమేన్ చెప్పనిద్దాము.

కొండమీద ఐదుగురే యుండిరి. మన యిండ్లలో అనేకులకు అంతమంది కలరు. ప్రార్థించు ఆత్మను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.