చూసి వెళ్లినవాళ్లు

బకెట్ లిస్ట్ అనే మాట మా ఇళ్లలోకి ఈమధ్యే వచ్చింది. ఇంగ్లీషువాళ్లు చావడాన్ని బకెట్ తన్నడం అంటారు. చచ్చేలోగా చూడాల్సినవీ తినాల్సినవీ రాసిపెట్టుకుంటే అది బకెట్ లిస్ట్. 2007లో ఆ పేరుతో ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. చావు దగ్గరపడ్డ ఇద్దరు ముసలివాళ్లు జాబితా రాసుకుని ప్రపంచం తిరుగుతారు. అప్పటినుంచి ఆ మాట లోకమంతా పాకింది. మా పిల్లల ఫోన్లలోకీ వచ్చింది. మా నానీకి చెబితే, "బకెట్‌కి లిస్టెందుకురా, నల్లా వచ్చే టైము తెలిస్తే చాలదా?" అంది.

ఏం చూడాలి, ఏం తినాలి అని రాసుకోవడం తప్పా? తప్పని మేం అనం. ఆశ లేని మనిషి ఎవరు? కానీ మాకో చిక్కుంది. ఆ లిస్టుల్లో మేమూ ఉన్నాం. చూసేవాళ్ల వైపు కాదు, చూడాల్సిన వస్తువుల వైపు ఉన్నాం. అందుకే ఈ నాలుగు మాటలు.

హైదరాబాద్ వచ్చేవాళ్ల లిస్టు మాకు కంఠతా వచ్చు. 1591లో కుతుబ్‌షాహీలు కట్టిన చార్మినార్. పక్కనే మక్కా మసీదు. లాడ్‌బజార్ గాజులు. చౌమహల్లా పాలెస్. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు. ఇక తిండి. పొద్దున్నే నిహారీ, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్, రంజాన్ అయితే హలీం, చివర్లో ఖుబానీ కా మీఠా. రెండు రోజుల్లో అన్నిటికీ టిక్కులు పడతాయి. వెళ్లిపోతారు.

ఏం చూసి వెళ్లారు? నవాబుల్ని చూసి వెళ్లారు. మాలో నవాబులెంతమంది? దూది ఏకినవాళ్లం, మిషను తొక్కినవాళ్లం, సైకిళ్లకు పంక్చర్లు వేసినవాళ్లం, పాత ఇనుము కొన్నవాళ్లం. మాలో కొందరిదే పాతబస్తీ. మిగతావాళ్లది కోస్తా, సీమ, తెలంగాణ పల్లెలు. చార్మినార్ మీ తాతలు కట్టారని కొందరు మమ్మల్ని మెచ్చుకుంటారు. గుళ్లు మీ తాతలు కూలగొట్టారని ఇంకొందరు తిడతారు. మా తాత గుంటూరు జిల్లాలో పరుపులు కుట్టాడు. ఆయన కట్టిందీ లేదు, కూలగొట్టిందీ లేదు. ఆయన ఏ లిస్టులోనూ లేడు.

హలీం సంగతే తీసుకోండి. హైదరాబాద్ హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోధుమలూ మాంసమూ భట్టీ మీద గంటలకొద్దీ ఉడుకుతుంటే, పొడుగాటి కట్టెలతో దాన్ని మెత్తగా మెదిపేవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామంది రోజా ఉంటారు. ఆ సెగలో, నోట్లో చుక్క నీళ్లు లేకుండా, రెండు చేతులా దంచుతారు. ఆ రోజు రుచి ఎలా కుదిరిందో ఇఫ్తార్ దాకా వాళ్లకే తెలియదు. తిని వెళ్లినవాళ్లు రుచికి మార్కులు వేస్తారు. దంచినవాడి ముఖం ఎవరికి గుర్తుంటుంది?

ఒకసారి అద్దె ఇంటి కోసం ఒక కాలనీకి వెళ్లాం. ఇంటాయన మర్యాదస్తుడు. మా తెలుగు విని సంతోషించాడు. పేరు చెప్పాం. ఆయన ముఖంలో ఏదో మారింది. అయినా మాట కలిపాడు. బిర్యానీ ఎక్కడ బాగుంటుందో మమ్మల్నే అడిగాడు. ఆదివారం వస్తే పాతబస్తీకి వెళ్లి తింటామన్నాడు. రంజాన్‌లో హలీం ఒక్కరోజు కూడా వదలమన్నాడు. లేచేటప్పుడు మెల్లగా అన్నాడు: "ఏమనుకోకండి, మేం మాంసం తినేవాళ్లకి ఇల్లు ఇవ్వం." నవ్వాలో ఏడవాలో మాకు తెలియలేదు. ఆయన చెడ్డవాడని మేం అనుకోలేదు. ఆయన లిస్టులో మా వంట ఉంది. మేం లేం. అంతే.

లాడ్‌బజార్‌లో గాజులు కొనుక్కుంటున్న మా అక్కని ఎవరో ఫొటో తీశారు. అడగలేదు. బుర్ఖాలో ఉంది కదా, ముఖం కనబడదు కదా, అడగాల్సిన పనేముంది అనుకున్నారేమో. చార్మినార్‌ని ఎవరూ అడిగి ఫొటో తీయరు. మనిషినీ అలాగే తీశారు.

ఇలా చెప్పుకుంటూ పోతే మేం మంచివాళ్లం, మీరు చెడ్డవాళ్లు అని తేలుతుంది. అది నిజం కాదు. మా గల్లీలో చూడాల్సింది మేం మాత్రం చూశామా? 2015 జనవరిలో పాతబస్తీ ఇళ్లలో గాజుల పనికి పెట్టిన పిల్లల్ని, రెండు వందల మందికి పైగా, పోలీసులు విడిపించారు. బీహార్ నుంచి తెచ్చిన పిల్లలు. ఆ ఇళ్ల పక్కనే మా ఇళ్లున్నాయి. ఆ గల్లీల్లోంచే మసీదుకు నడిచాం. గాజుల మెరుపు చూసి వెళ్లినవాళ్లకు ఆ పిల్లలు కనబడలేదంటే కొత్తవాళ్లు, పోనీ అనుకోవచ్చు. మాకెందుకు కనబడలేదు?

ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. మేమూ ఒకసారి లిస్టు పట్టుకుని బయల్దేరాం. విశాఖపట్నంలో రైలెక్కి, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు వెళ్లాం. బొంగులో చికెన్ తిన్నాం. థింసా ఆడుతున్న ఆడవాళ్ల పక్కన నిలబడి ఫొటోలు దిగాం. వాళ్ల పేర్లు అడగలేదు. బొర్రా గుహల్లో రంగు దీపాలు చూసి వహ్వా అన్నాం. ఆ బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీదే ఆదివాసులు పోరాడారనీ, సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లిందనీ, ఏజెన్సీ భూముల్ని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందనీ మాకు ఇంటికొచ్చాక ఎప్పుడో తెలిసింది. భూమి కోసం అంత పోరాటం జరిగిన చోట మేం దీపాలు చూసి వచ్చాం. లాడ్‌బజార్‌లో ఫొటో తీసినవాడికీ మాకూ తేడా ఏముంది?

కాబట్టి ఇది ముస్లింల గొడవ మాత్రమే కాదు. బలం కొంచెం ఎక్కువున్నవాడు తక్కువున్నవాడి ఊరికి వెళ్లినప్పుడల్లా ఇదే జరుగుతుంది.

మరి మా పెద్దవాళ్లకు లిస్టు లేదా? ఉంది. బతుకులో ఒక్కసారి హజ్. శక్తి ఉన్నవాళ్లకే అది ఫర్జ్. కానీ ఆ ప్రయాణం టికెట్టుతో మొదలవదు. ముందు అప్పులు తీర్చాలి. ఇంటిల్లిపాదికీ తిరిగొచ్చేదాకా గ్రాసం చూడాలి. తర్వాత గడప గడపకీ వెళ్లి, "కహా సునా మాఫ్ కరో" అని అడగాలి. అన్నదీ విన్నదీ మన్నించమని. మా పల్లెలో హజ్‌కి వెళ్లిన ఒక పెద్దాయన పాత గట్టు తగాదా ఉన్న రెడ్డిగారి ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడట. రెడ్డిగారు లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చాడట. మక్కాకి దారి ఆ గుమ్మం మీదుగా పోయింది.

ఇప్పుడు అక్కడా మారింది. 2002లో మక్కాలో ఉస్మానీల కాలం నాటి అజ్యాద్ కోటను పడగొట్టారు. ఆ చోట కాబా మీదికి వంగి చూస్తున్నట్టు ఆరు వందల మీటర్లు పైబడిన గడియారం గోపురం, కింద హోటళ్లు, దుకాణాలు. తవాఫ్ చేస్తూ సెల్ఫీలు తీసుకునేవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. టిక్కు పెట్టే జబ్బు ఏ మతాన్నీ వదల్లేదు.

మా నానీ హజ్‌కి వెళ్లలేదు. అంత శక్తి లేదు. ఆమె వెళ్లింది నెల్లూరుకి. మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. పన్నెండుమంది షహీదుల సమాధులున్న చోటు. మాలోనే కొందరు దీన్ని బిద్అత్ అంటారు. ఆ వాదన మరోచోట చేసుకుందాం. అక్కడ జరిగేది చూడండి. మనుషులు నీళ్లలో దిగి నిలబడతారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె. నీకు ఏ కోరిక ఉందో ఆ రొట్టె అడిగి తీసుకుని తినాలి. అది ఇచ్చేది ఎవరు? అదే కోరిక కోరుకుని, అది తీరినవాళ్లు. నీ కోరిక తీరితే నువ్వూ మళ్లీ రావాలి. రొట్టె చేసుకుని వచ్చి, అదే కోరికతో నిలబడ్డ ముక్కూ మొహం తెలియని మనిషికి ఇవ్వాలి.

అదీ కోరికల జాబితానే కదా! కానీ కోరిక తీరినంత మాత్రాన పేరు పక్కన టిక్కు పడదు. తీరిన కోరిక బాకీ అవుతుంది. ఇంకొకరి చేతిలో రొట్టె పెట్టిన రోజే అది చెల్లుతుంది. ఎవరి మతం ఏమిటని ఆ నీళ్లలో అడిగేవాళ్లు తక్కువ. నీకేం కావాలి అనే అడుగుతారు. మమ్మల్ని చూడ్డానికి వచ్చినవాళ్లూ, అరకు వెళ్లిన మేమూ అడగని ప్రశ్న అదే.

మీరు రావద్దని మేం అనడం లేదు. రండి. చార్మినార్ ఎక్కండి. బిర్యానీ తినండి. తిన్నచోట ఒక మనిషిని పేరు అడగండి. తిరిగి వెళ్లాక ఆ పేరు గలవాడు మీ వీధిలో ఇల్లు వెతుక్కుంటూ వస్తే, అప్పుడు ఆ పేరు గుర్తు తెచ్చుకోండి. మేమూ అరకు మళ్లీ వెళ్తే అలాగే అడుగుతాం.

మా నానీ ఆ చెరువులో ఇంటి రొట్టె అడిగింది. నుదుటన పెద్ద బొట్టు పెట్టుకున్న ఒక అమ్మ ఇచ్చింది. కొత్త ఇంట్లో పాలు పొంగించి నెల కూడా కాలేదని చెప్పిందట. నానీ ఆ రొట్టె అక్కడే నీళ్లలో నిలబడి తింది. ఏళ్లు గడిచాయి. మేం ఇంకా అద్దె ఇల్లు వెతుకుతూనే ఉన్నాం. మొహర్రం నెలవంక కనబడినప్పుడల్లా నానీ గుర్తు చేస్తుంది, నెల్లూరులో మనం ఒక రొట్టె బాకీ అని.